థైరాయిడ్ రిపోర్టు చేతికొచ్చాక: హార్మోన్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఒక రక్త పరీక్షల ల్యాబ్‌లో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. పొద్దున్నే శాంపిళ్ళు తీయడం, సాయంత్రం రిపోర్టులు ఇవ్వడం నా పని. డాక్టరు దగ్గర మొహమాటపడి అడగలేకపోయినవన్నీ జనం మా కౌంటర్ దగ్గర అడుగుతారు. వాటిలో ఎక్కువ థైరాయిడ్ గురించే. తర్వాత షుగర్, నెలసరి. అక్కడ వెనక క్యూ ఉంటుంది, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు కూడా దొరకవు. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను. మందు, డోసు తేల్చాల్సింది మీ డాక్టరే. కాగితం మీది అంకెలు మీ ఒంట్లో జరుగుతున్న దేని గురించి చెబుతున్నాయో తెలియడానికి ఇది పనికొస్తుంది.

అసలు హార్మోన్ అంటే ఏమిటండీ?

ఒంట్లో ఒకచోట తయారై, రక్తంలో కలిసి, దూరంగా ఉన్న ఇంకోచోట పని చేయించే రసాయనం. పూర్వం ఊళ్ళో చాటింపు వేసేవాళ్ళు. డప్పు చప్పుడు ఊరంతా వినపడుతుంది. కానీ "పెద్దచెరువు కింద రైతులు రేపు తూము దగ్గరికి రావాలహో" అంటే కదిలేది ఆ చెరువు కింద పొలం ఉన్నవాళ్ళే. హార్మోనూ అంతే. రక్తం పోయే ప్రతిచోటికీ పోతుంది, దాన్ని పట్టుకునే గ్రాహకం ఉన్న కణాలు మాత్రమే కదులుతాయి.

ఈ సంగతి బయటపడ్డ తీరు నాకు చాలా ఇష్టం. 1902లో లండన్‌లో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ ఒక కుక్క చిన్నపేగు ముక్కకు వెళ్ళే నరాలన్నీ తెంచి, ఆ పేగులో ఆమ్లం పోశారు. నరాల ద్వారా కబురు వెళ్ళే దారి లేదు. అయినా క్లోమం జీర్ణరసం ఊరించింది. కబురు రక్తంలో వెళ్ళిందన్నమాట. దాన్ని మోసిన పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. 1905లో స్టార్లింగ్ ఇలాంటి వాటన్నిటికీ కలిపి 'హార్మోన్' అనే మాట వాడారు. కదిలించేది, పురికొల్పేది అని దాని గ్రీకు మూలానికి అర్థం.

ఈ గ్రంథులు ఎక్కడెక్కడ ఉంటాయి?

మెదడు అడుగున హైపోథాలమస్, దానికి వేలాడుతూ శనగగింజంత పీయూష గ్రంథి. గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో థైరాయిడ్ (స్కూలు పుస్తకాల్లో అవటు గ్రంథి), దాని వెనక కాల్షియం చూసుకునే నాలుగు చిన్న పారాథైరాయిడ్లు. మూత్రపిండాల మీద టోపీల్లా అడ్రినల్ గ్రంథులు. కడుపు వెనక క్లోమం. ఆడవాళ్ళలో అండాశయాలు, మగవాళ్ళలో వృషణాలు. వీటికి నాళాలు ఉండవు, తయారైంది నేరుగా రక్తంలోకే వదులుతాయి. అందుకే వినాళ గ్రంథులు అన్నారు. క్లోమం మాత్రం రెండు పనులూ చేస్తుంది: జీర్ణరసం నాళంలోకి, ఇన్సులిన్ రక్తంలోకి.

నా టీఎస్‌హెచ్ ఎక్కువ వచ్చింది. డాక్టరు మాత్రం థైరాయిడ్ తక్కువ అంటున్నారు. ఏది నిజం?

రెండూ నిజమే. ఈ ఒక్క ప్రశ్న అర్థమైతే హార్మోన్ల వ్యవస్థ సగం అర్థమైనట్టే. అందుకే దీనికి కొంచెం ఎక్కువ సేపు తీసుకుంటాను.

టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్‌ని కదిలించే హార్మోన్. అది థైరాయిడ్‌లో తయారవదు. దాన్ని చేసేది పైన ఉన్న పీయూష గ్రంథి. చెరువు కింద సాగు చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా తెలుస్తుంది. తూము దగ్గర నీళ్ళు వదిలే మనిషి ఉంటాడు. తెలంగాణలో నీరటి అంటారు, రాయలసీమలో నీరుగంటి అంటారు. చివరి మడి గట్టు మీద రైతు నిలబడి ఉంటాడు. మడిలో నీళ్ళు తగ్గితే "ఇంకొంచెం ఎత్తయ్యా!" అని కేకేస్తాడు. నీళ్ళు సరిపోగానే కేక ఆగుతుంది. ఇక్కడ నీరటి థైరాయిడ్. వదిలే నీళ్ళు టీ4, టీ3 అనే థైరాయిడ్ హార్మోన్లు. గట్టు మీది రైతు పీయూష గ్రంథి. ఆయన కేకే టీఎస్‌హెచ్.

తూము పూడుకుపోయిందనుకోండి. నీళ్ళు రావు, కేకలు పెరుగుతాయి. టీఎస్‌హెచ్ 15 అని వచ్చిందంటే ఎక్కువైంది కేక, నీళ్ళు కాదు. దీన్నే హైపోథైరాయిడ్ అంటారు. తూము ఇరుక్కుని నీళ్ళు పొర్లిపోతుంటే రైతు నోరు విప్పడు, టీఎస్‌హెచ్ 0.01కి పడిపోతుంది. అది హైపర్‌థైరాయిడ్. అంకె తగ్గింది కదా అని సంతోషంగా వెళ్ళిపోయినవాళ్ళని నేను వెనక్కి పిలిచి, ముందు డాక్టరుకి చూపించమని చెప్పిన రోజులున్నాయి.

పెద్దవాళ్ళకి టీఎస్‌హెచ్ సాధారణ పరిధి ఇంచుమించు 0.4 నుంచి 4 వరకు. ల్యాబ్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. ఈ రైతు చెవి, కన్ను చాలా చురుకు. రక్తంలో టీ4 సగానికి పడితే టీఎస్‌హెచ్ వంద రెట్ల వరకు పెరగగలదు. అందుకే టీ4 ఇంకా పరిధిలోనే ఉన్నా టీఎస్‌హెచ్ ముందే పెరిగి కనపడుతుంది. డాక్టర్లు మొదట దాన్నే రాయడానికి కారణం ఇదే.

మూడో సంగతి ఒకటుంది, చాలామందికి తెలియదు. ఒక్కోసారి మడి ఎండిపోతున్నా కేక వినపడదు, రైతుకే గొంతు పోయింది కాబట్టి. అంటే జబ్బు పీయూష గ్రంథిలో ఉంది. అప్పుడు టీ4 తక్కువ ఉంటుంది, టీఎస్‌హెచ్ మాత్రం పరిధిలోనే ఉన్నట్టు కనపడవచ్చు. కాన్పులో విపరీతంగా రక్తం పోయిన కొందరు తల్లులకి ఇలా జరుగుతుంది. పాలు పడవు, నెలసరి తిరిగి రాదు, ఏళ్ళ తరబడి నీరసం. షీహన్ సిండ్రోమ్ అని దాని పేరు. కాన్పులో అలాంటి కష్టం పడ్డవాళ్ళు ఎన్నేళ్ళయినా సరే ఆ మాట డాక్టరుతో చెప్పండి. టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే ఇది దొరకదు.

ఆ పీయూష గ్రంథికి చెప్పేది ఎవరు?

హైపోథాలమస్. అది టీఆర్‌హెచ్ అనే చిన్న హార్మోన్ వదిలి పీయూష గ్రంథిని కదిలిస్తుంది. 1960లలో రోజర్ గియెమిన్ గొర్రెల మెదళ్ళ నుంచి, ఆండ్రూ షాలీ పందుల మెదళ్ళ నుంచి, లక్షల కొద్దీ తెప్పించి మరీ, దీన్ని పట్టుకోడానికి పోటీపడ్డారు. అంత తక్కువ దొరుకుతుంది. 1977 నోబెల్‌ని వాళ్ళిద్దరితో పాటు రోజలిన్ యాలో పంచుకున్నారు. ఇంత సూక్ష్మమైన పరిమాణాలని రక్తంలో కొలిచే పద్ధతిని సోలమన్ బెర్సన్‌తో కలిసి కనిపెట్టింది ఆవిడే. మా ల్యాబ్‌లో రోజూ చేసే హార్మోన్ పరీక్షలన్నిటికీ మూలం అక్కడే ఉంది.

థైరాయిడ్ హార్మోన్ ఒంట్లో ఏం చేస్తుంది? నేను లావైంది దీనివల్లేనా?

దాదాపు ప్రతి కణంలోనూ పని జరిగే వేగాన్ని ఇది నిర్ణయిస్తుంది. థైరాయిడ్ ఎక్కువగా వదిలేది టీ4. దాంట్లో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి. కాలేయం, మూత్రపిండాలు, మెదడు లాంటి చోట్ల ఒకటి తీసేస్తే టీ3 అవుతుంది. అసలు పని చేసేది టీ3. టీ4ని గాదెలో ధాన్యం అనుకుంటే, టీ3 ఆ పూటకి దంచుకున్న బియ్యం.

తగ్గితే చలి తట్టుకోలేరు, మలబద్ధకం వస్తుంది, చర్మం పొడిబారుతుంది, జుట్టు ఊడుతుంది, మతిమరుపు, గుండె నెమ్మదిస్తుంది, ముఖం ఉబ్బుతుంది. కొలెస్ట్రాల్ కూడా పెరుగుతుంది, ఎందుకంటే చెడు కొలెస్ట్రాల్‌ని కాలేయం లాక్కోవడం తగ్గిపోతుంది. కొత్తగా కొలెస్ట్రాల్ పెరిగినవాళ్ళకి డాక్టరు టీఎస్‌హెచ్ కూడా రాస్తే అనవసరం అనుకోకండి. ఎక్కువైతే దీనికి తిరగబడినట్టు ఉంటుంది: గుండెదడ, చేతుల వణుకు, చెమట, బాగా తింటున్నా బరువు తగ్గడం.

బరువు సంగతి నిజాయితీగా చెప్పాలి. హైపోథైరాయిడ్ వల్ల పెరిగేది మామూలుగా కొద్ది కిలోలే, అందులోనూ ఎక్కువ భాగం ఒంటికి పట్టిన నీరు, ఉప్పు. పదిహేను ఇరవై కిలోల బరువు మొత్తాన్ని థైరాయిడ్ మీద వేసి మాత్ర కోసం ఎదురుచూస్తే నిరాశే మిగులుతుంది.

రిపోర్టు నార్మల్ వచ్చింది. ఇంక మాత్ర ఆపేయొచ్చా?

మా అమ్మ ఇదే చేసింది. టీఎస్‌హెచ్ 2.8 అని నేనే తెచ్చి చూపించాను. "నార్మల్ వచ్చిందిగా, ఇంకెందుకురా ఈ మాత్రలు?" అని నాకు చెప్పకుండా మానేసింది. మొదటి రెండు వారాలు ఏమీ కాలేదు. "చూశావా, మాత్ర లేకపోయినా బాగానే ఉన్నాను" అని కూడా అనుకుందట. నాలుగు నెలల తర్వాత కాళ్ళ వాపు, గొంతు బొంగురు, వంటింట్లో నిలబడే ఓపిక లేదు. మళ్ళీ పరీక్ష చేస్తే 48. మాత్ర వేసుకుంటున్నావా అని నేను ఒక్కసారీ అడగలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మొదటి రెండు వారాలు ఏమీ కాకపోవడానికి కారణముంది. రక్తంలో టీ4 సగం తగ్గడానికి దాదాపు ఏడు రోజులు పడుతుంది. ఒంట్లో నిల్వ మెల్లగా కరుగుతుంది కాబట్టి మానేసిన వెంటనే తెలియదు. అంకె నార్మల్ వచ్చింది మాత్ర వేసుకుంటున్నందువల్ల. పూడిపోయిన తూము అలాగే ఉంది, పక్క నుంచి మోటారు పెట్టి నీళ్ళు పోస్తున్నాం. మోటారు ఆపితే మడి ఎండుతుంది.

కాన్పు తర్వాత వచ్చే థైరాయిడ్ వాపు లాంటి కొన్ని రకాలు తాత్కాలికం, వాటిలో డాక్టరే మందు తగ్గించి ఆపుతారు. మీది ఏ రకమో అడిగి తెలుసుకోండి.

ఏళ్ళ తరబడి వాడితే కిడ్నీలు పాడవవా?

ఆ మాత్రలో ఉన్నది మీ థైరాయిడ్ చేయాల్సిన టీ4 అణువే, అచ్చంగా అదే. సరైన డోసులో వాడితే కిడ్నీలకి హాని లేదు. డోసు అవసరానికి మించి ఏళ్ళపాటు సాగితే మాత్రం ఎముకలు పలచబడతాయి, గుండె లయ తప్పే ప్రమాదం పెరుగుతుంది, ముఖ్యంగా పెద్దవయసులో. పరీక్ష మానకుండా చేయించుకోమనేది అందుకే.

1891లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో జార్జ్ మరే అనే డాక్టరు గొర్రె థైరాయిడ్ రసాన్ని 46 ఏళ్ళ ఒక రోగికి సూదితో ఇచ్చారు. ఆవిడ మరో 28 ఏళ్ళు బతికింది. 1914 క్రిస్మస్ రోజున అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ ఈ హార్మోన్‌ని స్ఫటికాల రూపంలో వేరుచేశారు. ఈరోజు మందుల షాపులో అది చిన్న మాత్రగా దొరుకుతోంది.

మాత్ర పరగడుపునే ఎందుకు వేసుకోవాలి? కాఫీతో వేసుకుంటే ఏమవుతుంది?

ఈ మాత్రలో మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. 50 అంటే 50 మైక్రోగ్రాములు, గ్రాములో లక్ష భాగాలు చేస్తే అందులో ఐదు. అంత తక్కువ మందుని పేగు పూర్తిగా పీల్చుకోవాలంటే అడ్డం ఏమీ ఉండకూడదు. కాఫీ, సోయా పీల్చుకోవడాన్ని తగ్గిస్తాయి. కాల్షియం, ఐరన్ మాత్రలు పేగులోనే దాన్ని పట్టేసుకుంటాయి. నిద్ర లేవగానే మంచినీళ్ళతో వేసుకుని, అరగంట నుంచి గంట ఆగి కాఫీ తాగండి. కాల్షియం, ఐరన్‌కి నాలుగు గంటల ఎడం ఇవ్వండి. గర్భిణులు ఈ మూడూ కలిపి పొద్దున్నే మింగేస్తుంటారు. డోసు పెంచినా టీఎస్‌హెచ్ దిగకపోతే ముందు ఇది చూసుకోవాలి.

సీసాని పొయ్యి దగ్గర అలమరలో పెట్టకండి. వేడికి, తేమకి మందు బలం తగ్గుతుంది.

పరీక్షకి ఏమీ తినకుండా రావాలా?

థైరాయిడ్ ఒక్కటే అయితే అక్కర్లేదు. షుగర్ కూడా చూస్తుంటే దాని నియమం వేరు. కానీ ప్రతిసారీ ఇంచుమించు ఒకే సమయానికి రండి. టీఎస్‌హెచ్ రాత్రిపూట ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది. ఒకసారి పొద్దున ఏడింటికి, ఇంకోసారి మధ్యాహ్నం మూడింటికి ఇచ్చి రెండింటినీ పోల్చడం సరికాదు. ఆ రోజు మాత్ర రక్తం ఇచ్చాక వేసుకోండి.

ఇంకొకటి, దయచేసి గుర్తుపెట్టుకోండి. జుట్టు ఊడుతోందని చాలామంది బయోటిన్ ఉన్న మాత్రలు వాడుతున్నారు. మా మెషీన్లలో కొన్ని రకాల పరీక్షలు బయోటిన్ అంటుకునే గుణం మీదే నడుస్తాయి. రక్తంలో అది ఎక్కువగా ఉంటే టీఎస్‌హెచ్ లేనంత తక్కువగా, టీ4 లేనంత ఎక్కువగా చూపిస్తాయి. లేని హైపర్‌థైరాయిడ్ కాగితం మీద పుడుతుంది. పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపండి, వాడుతున్నట్టు ల్యాబ్‌లోనూ చెప్పండి.

డోసు మార్చి పది రోజులైంది. మళ్ళీ చేయించనా?

వద్దు, డబ్బులు దండగ. కొత్త డోసుకి రక్తం, ఆ తర్వాత పీయూష గ్రంథి సర్దుకోడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

క్యాబేజీ మానేయాలా? అయోడిన్ ఉప్పు ఎక్కువ తింటే తగ్గుతుందా?

వండిన క్యాబేజీ, కాలీఫ్లవర్ మామూలుగా తినొచ్చు. ఉప్పు కథ పెద్దది, అందులో మనవాడు ఒకాయన ఉన్నాడు.

శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో పని మొదలుపెట్టారు. హిమాలయాల కింద నేలలో అయోడిన్ వానలకి, మంచుకి కొట్టుకుపోయింది. అక్కడ గొంతు ముందు పెద్ద వాపుతో, గళగండంతో, తిరిగేవాళ్ళు మామూలుగా కనిపించేవారు. అయోడిన్ లేకపోతే థైరాయిడ్‌కి ముడిసరుకు లేదు. నీళ్ళు రావు, కేక ఆగదు, ఆ కేక వినీ వినీ గ్రంథి ఉబ్బుతుంది. ఆయన బృందం లోయని మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు అందేలా చూసింది. కొన్నేళ్ళకే అయోడిన్ ఉప్పు తిన్నచోట గళగండం బాగా తగ్గింది. 1962లో దేశం గళగండ నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది. మీ వంటింట్లో ఉప్పు ప్యాకెట్ మీద అయోడిన్ అని ఉండడం వెనక ఆ లోయ ఉంది. ఇప్పటి నిబంధన ప్రకారం ఇంటికి చేరే ఉప్పులో కిలోకి కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి. ఐరన్ కూడా కలిపిన ఉప్పుని తయారుచేసింది మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ.

పెద్దవాళ్ళకి రోజుకి కావాల్సింది 150 మైక్రోగ్రాములు, గర్భిణులకి 250. ఆరోగ్యానికి మంచిదని ఇంట్లో పూర్తిగా సైంధవ లవణానికి, అయోడిన్ లేని కల్లుప్పుకి మారినవాళ్ళు ఈ లెక్క ఒకసారి చూసుకోండి. ముఖ్యంగా ఇంట్లో గర్భిణి ఉంటే.

అయితే ఈరోజు మా కౌంటర్‌కి వచ్చే హైపోథైరాయిడ్‌లో ఎక్కువ భాగం అయోడిన్ లేక వచ్చింది కాదు. ఒంట్లోని రక్షణ కణాలే పొరపాటున థైరాయిడ్‌ని పరాయిదనుకుని దెబ్బతీయడం. 1912లో జపాన్ డాక్టరు హకారు హషిమోతో ఈ జబ్బుని వివరించారు. ఇంకాస్త ఉప్పు తింటే ఇది తగ్గదు, బీపీ మాత్రం పెరుగుతుంది.

షుగర్ కూడా హార్మోన్ జబ్బేనా? రాత్రి ఏమీ తినకపోయినా పొద్దున షుగర్ ఎలా పెరిగింది?

హార్మోన్ జబ్బే. ఒంట్లోని ఐదు లీటర్ల రక్తంలో ఏ సమయంలో చూసినా ఉండే గ్లూకోజ్ దాదాపు ఐదు గ్రాములు, ఒక చెంచాడు. అన్నం తిన్నా, ఉపవాసం ఉన్నా ఆ చెంచాడు అటూ ఇటూ పెద్దగా మారకుండా ఇన్సులిన్, గ్లూకగాన్ చూసుకుంటాయి. ఒకటి దించుతుంది, ఒకటి ఎత్తుతుంది. ఇన్సులిన్ తగ్గినా, ఉన్న ఇన్సులిన్ మాట కణాలు వినకపోయినా షుగర్ వస్తుంది. 1922 జనవరి 11న టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చేదాకా, అలాంటి పిల్లలకి ఆకలితో మాడ్చడం తప్ప వైద్యం లేదు.

ఇక తెల్లవారుజాము సంగతి. మనం లేవకముందే ఒళ్ళు లేవడానికి సిద్ధమవుతుంది. అడ్రినల్ గ్రంథి వదిలే కార్టిసాల్, పీయూష గ్రంథి వదిలే గ్రోత్ హార్మోన్ పెరిగి, కాలేయం దాచుకున్న గ్లూకోజ్‌ని రక్తంలోకి వదులుతుంది. షుగర్ లేనివాళ్ళలో ఇన్సులిన్ వెంటనే సర్దేస్తుంది. ఉన్నవాళ్ళలో సర్దలేక అంకె పెరుగుతుంది. రాత్రి అన్నం మానేసినా పెరిగిందని మిమ్మల్ని మీరు నిందించుకోకండి. డాక్టరుకి ఆ అంకె చెప్పండి. మూడు నెలల షుగర్ అని పిలిచే హెచ్‌బీఏ1సీ మరో రకం లెక్క. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, అంతకాలం దానికి అంటుకున్న గ్లూకోజ్‌ని అది చూపిస్తుంది. పరీక్ష ముందు రెండు రోజులు పస్తులుంటే అది మారదు.

టెన్షన్ వల్ల నిజంగా హార్మోన్లు మారతాయా?

మారతాయి. రోడ్డు మీద బస్సు మీదికొస్తే సెకన్లలో అడ్రినలిన్ వస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, కాలేయం గ్లూకోజ్ వదులుతుంది. అడ్రినలిన్ కాలేయ కణం లోపలికి పోదు, బయటి గ్రాహకానికి తగులుతుంది. లోపల ఏటీపీ అనే అణువు నుంచి ఇంకో చిన్న దూత తయారై మిగతా పని చేయిస్తుంది. దీన్ని కనిపెట్టిన ఎర్ల్ సదర్లండ్‌కి 1971లో నోబెల్ వచ్చింది. ఆ ఏటీపీని 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

కార్టిసాల్ ఇంత తొందరగా రాదు, ఇంత తొందరగా పోదు. మామూలుగా పొద్దున ఎక్కువ, అర్ధరాత్రి తక్కువ. అందుకే కార్టిసాల్ పరీక్ష పొద్దున ఎనిమిది ప్రాంతంలో తీస్తాం.

ఇక్కడే ఒక హెచ్చరిక. కీళ్ళ నొప్పులకి, ఆయాసానికి కార్టిసాల్ లాంటి పని చేసే స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి వాడినవాళ్ళు ఒక్కసారిగా ఆపకూడదు. బయటి నుంచి వస్తున్నంత కాలం పైనుంచి కేక ఆగిపోయి అడ్రినల్ గ్రంథి నిద్రపోతుంది. ఉన్నట్టుండి మందు ఆపితే అది వెంటనే లేవలేదు. బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పేరు లేని పొట్లాల్లో వచ్చే నొప్పుల పొడులతో ఇంకా భయం, వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చు. అవి వేసుకుని ముఖం గుండ్రంగా ఉబ్బినవాళ్ళని నేను చూశాను. ఆపడం కూడా డాక్టరు చెప్పిన పద్ధతిలో మెల్లగా జరగాలి.

నెలసరి తప్పుతోందని వెళ్తే థైరాయిడ్, ప్రొలాక్టిన్ ఎందుకు రాశారు?

థైరాయిడ్ తగ్గినప్పుడు పైన హైపోథాలమస్ వదిలే టీఆర్‌హెచ్ కూడా పెరుగుతుంది. అది టీఎస్‌హెచ్‌నే కాదు, ప్రొలాక్టిన్‌నీ పెంచుతుంది. ప్రొలాక్టిన్ పాలిచ్చే తల్లుల హార్మోన్. అది పెరిగితే అండం విడుదల అణిగిపోతుంది. కొందరిలో థైరాయిడ్ మాత్రతోనే నెలసరి దారికొస్తుంది.

నెలసరిలో ఒక వింత ఉంది. మామూలుగా అండాశయాలు వదిలే ఈస్ట్రోజెన్ పెరిగితే పీయూష గ్రంథి జోరు తగ్గుతుంది. కానీ నెల మధ్యలో ఈస్ట్రోజెన్ దాదాపు రెండు రోజులు బాగా ఎక్కువగా నిలిస్తే లెక్క తిరగబడి, పీయూష గ్రంథి వదిలే ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఉప్పెనలా పెరుగుతుంది. ఒకటిన్నర రోజులో అండం విడుదలవుతుంది. కాన్పు నొప్పులూ ఇంతే, ఆక్సిటోసిన్ అనే హార్మోన్ నొప్పిని పెంచితే ఆ నొప్పి ఇంకా ఆక్సిటోసిన్‌ని రప్పిస్తుంది, బిడ్డ బయటికొచ్చేదాకా.

పీసీఓఎస్ అనే అండాశయాల సమస్యలో ఆ నెల మధ్య లయ చెదురుతుంది. చాలామందిలో ఇన్సులిన్ ఎక్కువగా ఉండి అండాశయాల చేత మగ హార్మోన్లు ఎక్కువ చేయిస్తుంది. అందుకే అక్కడ షుగర్ పరీక్ష కూడా రాస్తారు.

గర్భం వచ్చింది, థైరాయిడ్ మాత్ర వేసుకోవచ్చా?

తప్పకుండా వేసుకోవాలి. మొదటి మూడు నెలలు బిడ్డ మెదడు ఎదగడానికి కావాల్సిన థైరాయిడ్ హార్మోన్ తల్లి నుంచే వెళ్తుంది. బిడ్డ సొంత గ్రంథి ఆ తర్వాతే పనిలో పడుతుంది. ముందు నుంచి మాత్ర వాడుతున్నవాళ్ళకి డోసు సాధారణంగా 25 నుంచి 30 శాతం పెంచాల్సి వస్తుంది. కాబట్టి నెల తప్పిందని తెలిసిన వారంలోనే డాక్టరుని కలవండి. మూడో నెల దాకా ఎవరికీ చెప్పకూడదనే పట్టింపు డాక్టరు విషయంలో పెట్టుకోకండి.

మాత్ర వాడని గర్భిణికి మొదటి నెలల్లో టీఎస్‌హెచ్ కాస్త తక్కువ రావచ్చు. గర్భంలో తయారయ్యే హెచ్‌సీజీ అనే హార్మోన్ ఆకారంలో టీఎస్‌హెచ్‌ని పోలి ఉంటుంది, థైరాయిడ్‌ని అదీ కొంచెం కదిలిస్తుంది. రైతుకి కేకేసే పని తగ్గుతుంది.

పుట్టిన పసిబిడ్డ మడమ దగ్గర రక్తం ఎందుకు తీస్తారు?

ఈ ప్రశ్న అడిగేది ఎక్కువగా తండ్రులు, కాస్త కోపంగా. "ఇంత పసిగుడ్డుకి సూది అవసరమా అండీ?" అంటారు. అవసరమే. ప్రపంచంలో రెండు మూడు వేల మందిలో ఒకరు, మన దేశంలో అంతకంటే ఎక్కువ మంది పిల్లలు థైరాయిడ్ లేకుండానో, పనిచేయని థైరాయిడ్‌తోనో పుడతారు. చూస్తే ఏమీ తెలియదు. తల్లి నుంచి వచ్చిన హార్మోన్ కొన్నాళ్ళు కాపాడుతుంది. లక్షణాలు బయటపడేసరికి మెదడుకి జరగాల్సిన నష్టం జరిగిపోతుంది, దాన్ని వెనక్కి తీసుకురాలేం. మొదటి రెండు వారాల్లోపు మాత్ర మొదలైతే ఆ బిడ్డ మిగతా పిల్లల్లాగే ఎదుగుతుంది, చదువుకుంటుంది.

పుట్టగానే చలికి బిడ్డ టీఎస్‌హెచ్ ఒక్కసారిగా పెరిగి, తర్వాత దిగుతుంది. అందుకే రక్తం రెండు రోజులు నిండాక తీస్తాం. తొందరగా డిశ్చార్జ్ అయి వెళ్ళిపోతే ఈ పరీక్ష తప్పిపోతుంది. ఆసుపత్రిలో చేశారో లేదో అడగండి. చేయకపోతే ఆ వారంలోనే చేయించండి. మాత్ర అవసరమైతే నలిపి ఒక చెంచాడు తల్లిపాలలో కలిపి పట్టొచ్చు. సీసాడు పాలలో కలపకండి, బిడ్డ సగం తాగి వదిలేస్తే సగం మందు సీసాలోనే ఉండిపోతుంది.